గడియారం గంట జరిగితే పాప నిద్ర ఎటు జరుగుతుంది?

మార్చి రెండో వారం వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం వైపు, అమెరికాలో పిల్లలున్న ఇళ్లల్లో ఇంచుమించు ఒకే మాట వినపడుతుంది. "నిన్నటిదాకా మనకి సాయంత్రం ఏడంటే మీకు పొద్దున్న ఎనిమిదిన్నర కదా, ఇవాళ తొమ్మిదిన్నర అంటావేమిటే?" అని అమ్మ. "గంట ముందుకు జరిపారమ్మా" అని కూతురు. "మరి పాప?" "దానికి ఎవరు చెప్తారు? రాత్రి ఎనిమిదైనా కళ్లు మూయట్లేదు." నవంబరులో ఇదే కథ తిరగబడుతుంది. పాప ఐదింటికే లేచి కూర్చుంటుంది, బయట ఇంకా కటిక చీకటి, తల్లిదండ్రులకు నిద్ర చాలదు. వీడియో కాల్‌లో వాళ్ల మొహాలు చూసి ఇక్కడ అమ్మమ్మకు టెన్షన్.

గంట జరగడం చిన్న విషయమే. కానీ అందులో మూడు గడియారాలు కలగలిసిపోతాయి: అక్కడి గోడ మీదది, ఇక్కడి గోడ మీదది, పాప ఒంట్లో ఉన్నది. గందరగోళమంతా వీటిని విడదీయకపోవడం వల్లే.

గంట ఎక్కడ, ఎప్పుడు మారుతుంది

న్యూయార్క్, లండన్ లాంటి చోట్ల జూన్‌లో బాగా పెందలాడే తెల్లారిపోతుంది. గడియారాన్ని కదపకపోతే న్యూయార్క్‌లో నాలుగున్నర లోపే సూర్యోదయం. ఆ వేళ జనం నిద్రలో ఉంటారు కాబట్టి ఆ వెలుగు ఎవరికీ అక్కరకు రాదు. దాన్ని సాయంత్రానికి వాడుకోవాలంటే ఊరంతా గంట ముందు లేవాలి. అందరినీ బతిమాలే బదులు గడియారాలనే గంట ముందుకు తిప్పేశారు. దీన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు. చలికాలం వచ్చేసరికి మళ్లీ వెనక్కి తిప్పుతారు, అది స్టాండర్డ్ టైమ్. దేశమంతటా మొదట అమలు చేసింది 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, బొగ్గు ఆదా కోసం జర్మనీ. కొద్ది వారాలకే బ్రిటన్, 1918లో అమెరికా అదే దారి పట్టాయి.

అమెరికాలో 2007 నుంచి లెక్క ఇది: మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు కాగానే గడియారం మూడు చూపిస్తుంది, నవంబరు మొదటి ఆదివారం రెండు కాగానే మళ్లీ ఒంటిగంట. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1. హవాయి, అరిజోనాలో ఎక్కువ భాగం ఈ మార్పు పాటించవు. బ్రిటన్, యూరప్ దేశాలు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారుస్తాయి. అందుకే కూతురు న్యూజెర్సీలో, కొడుకు లండన్‌లో ఉన్న ఇంట్లో మార్చిలో రెండు మూడు వారాల పాటు లెక్క ఇంకా వింతగా ఉంటుంది: అమెరికా మారింది, బ్రిటన్ మారలేదు, ఆ రెండింటి మధ్య ఐదు గంటలుండే తేడా నాలుగవుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్ మనకు తలకిందులు. అక్కడ ఎండాకాలం డిసెంబరులో కాబట్టి అక్టోబరు మొదటి ఆదివారం గడియారం ముందుకెళ్లి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ అసలు కదపదు.

మన జిల్లాల నుంచి దుబాయ్, కువైట్, ఖతర్, సౌదీ వెళ్లినవాళ్లకు ఈ బెడదే లేదు. దుబాయ్‌కి మనకి తేడా ఏడాది పొడుగునా గంటన్నర, మిగతా మూడింటికీ రెండున్నర గంటలు.

మనకి ఈ అవసరం ఎందుకు రాలేదు

శ్రీకాకుళం భూమధ్యరేఖకు 18 డిగ్రీల ఉత్తరాన ఉంది, న్యూయార్క్ సుమారు 41 డిగ్రీలు. ఎంత ఉత్తరానికి పోతే ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ అంత తేడా. శ్రీకాకుళంలో జూన్‌లో పగలు 13 గంటల పావు, డిసెంబరులో 11 గంటలు. న్యూయార్క్‌లో అవి 15 గంటలు, 9 గంటల పావు. మన దగ్గర రెండు గంటలకు కాస్త పైన ఉన్న తేడా అక్కడ ఆరు గంటలకు దగ్గర. అంత తేడా ఉన్నచోటే గడియారాన్ని సర్దాలన్న ఆలోచన పుడుతుంది.

అలాగని మన గడియారం ఎప్పుడూ కదల్లేదని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశమంతా గంట ముందుకు జరిపిన సమయంలోనే నడిచింది. అస్సాం తేయాకు తోటల్లో ఇప్పటికీ 'బాగాన్ టైమ్' అని గంట ముందున్న లెక్క వాడతారు.

ఇంకో విషయం మనం పెద్దగా పట్టించుకోం. దేశమంతటికీ ఒకటే గడియారం, కానీ శ్రీకాకుళంలో పొద్దు పొడిచిన గంటకి గాని గుజరాత్‌లోని ద్వారకలో పొడవదు. అంటే అమెరికా ఏడాదికి రెండుసార్లు జరిపే గంటంత తేడా మన దేశం లోపలే శాశ్వతంగా ఉంది. దీని మీద ఆర్థికవేత్త మౌలిక్ జగ్నాని చేసిన అధ్యయనంలో, పొద్దు గంట ఆలస్యంగా గూకే చోట పిల్లలు సుమారు అరగంట తక్కువ నిద్రపోతున్నారని తేలింది. బడి గంట అందరికీ ఒకే వేళకు కొడుతుంది, చీకటి మాత్రం వేర్వేరు వేళలకు పడుతుంది. ఆ పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు గానీ ఆలస్యంగా లేవడానికి వీలుండదు. ఈ సంగతి గుర్తుంటే అమెరికాలో పాప విషయం సగం అర్థమైనట్టే. ఒళ్లు వెలుగును పట్టుకుని నడుస్తుంది, ఇల్లు గడియారాన్ని పట్టుకుని నడుస్తుంది.

వెలుగు ఎంత నెమ్మదిగా మారుతుందో చూడటానికి శ్రీకాకుళంలో మంచి ఆనవాలు ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో, మబ్బు లేకపోతే, తొలి కిరణాలు తాకుతాయి. సూర్యుడు ఉత్తరానికి పోయేటప్పుడొకసారి, దక్షిణానికి వచ్చేటప్పుడొకసారి దాదాపు అదే చోట ఉదయిస్తాడు గనక ఏడాదిలో రెండుసార్లు. ఈ రాకపోకలతో శ్రీకాకుళంలో సూర్యోదయం జూన్ మొదట్లో ఐదుంబావు దాటగానే, జనవరి మూడో వారంలో ఆరున్నరకు. గంటకు పైనే తేడా! కానీ అది ఏడు నెలల మీద, రోజుకు ఒక నిమిషం కూడా కాకుండా జరుగుతుంది. పసిపిల్లల నిద్ర దానితో పాటే జరుగుతుంది, ఏ తల్లీ గమనించదు. అరసవల్లిలో కిరణాలు పడే వారంలోనే అమెరికాలో అంతే గంట ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. చిక్కల్లా ఆ 'ఒక్క రాత్రి'లోనే ఉంది.

పాపకి టైమ్ ఎలా తెలుస్తుంది

నిద్రను నడిపేవి రెండు. మొదటిది శరీర గడియారం. మెదడులో, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కాస్త పైన, బియ్యపు గింజ కన్నా చిన్న కణాల గుంపు ఉంటుంది. కంట్లో పడే వెలుగును బట్టి అది రోజూ తనను తాను సరిచూసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల చేయిస్తుంది, ఒళ్లు నిద్రకు సిద్ధమవుతుంది. కణాల లోపల జన్యువులు ఈ గడియారాన్ని ఎలా తిప్పుతాయో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో వైద్య నోబెల్ ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వచ్చింది.

రెండోది మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర. కుళాయి కింద పెట్టిన బిందెలా అది నిండుతూ పోతుంది. పసిపిల్లల్లో తొందరగా నిండుతుంది కాబట్టే పగలు కూడా పడుకుంటారు. పది నెలల పిల్లకు మూడు నాలుగు గంటల మెలకువ చాలు. పెద్దవాళ్లకు పగలంతా పడుతుంది.

ఈ రెండూ కలిసినప్పుడే మంచి నిద్ర. ఒళ్లు అలిసిపోయినా శరీర గడియారం ఇంకా పగలే అంటుంటే పిల్ల మారాం చేస్తుంది. నిజానికి రోజూ పడుకునే వేళకు ముందు గంట, రెండు గంటల సేపు శరీర గడియారం మెలకువను గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ సమయంలో పాపను పడుకోబెట్టాలని చూస్తే, ఎంత జోకొట్టినా, ఎన్ని జోల పాటలు పాడినా, కళ్లు తిప్పుకుంటూ నవ్వుతూ ఉంటుంది. మార్చిలో తల్లులు పడే పాట్లకు కారణం ఇదే.

వయసును బట్టి ఇది చాలా మారుతుంది. పుట్టిన పిల్లలకు ఇంకా ఈ గడియారం సరిగా కుదురుకుని ఉండదు. కడుపులో ఉండగా తల్లి మెలటోనినే వాళ్లకు అందేది. పుట్టాక సొంతంగా రాత్రీ పగలూ తేడా తెలిసేలా అది తయారవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రాత్రిపూట చనుబాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. రాత్రంతా మేలుకుని పగలు పడుకునే నెల పిల్లను చూసి "రాత్రీ పగలూ తారుమారైంది" అని మన పెద్దవాళ్లు అనేది అక్షరాలా నిజం. ఆ వయసు పిల్లకు మార్చి అయితేనేం, నవంబరు అయితేనేం? గంట మారిందన్న సంగతి ఆ ఇంట్లో ఒక్క పాపను తప్ప అందరినీ కలవరపెడుతుంది.

నాలుగు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లోనే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు నుంచి పన్నెండు నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటలు, రెండేళ్ల లోపు పిల్లలకు 11 నుంచి 14 గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెబుతుంది. ఈ మొత్తం తగ్గకుండా ఉంటే గంట అటూ ఇటూ జరగడం ఒంటికి పెద్ద నష్టం కాదు.

శ్రీకాకుళం గోడ గడియారంతో చూస్తే మార్చి

ఒక ఉదాహరణ తీసుకుందాం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పది నెలల పాప. రాత్రి 7కి పడుకుని పొద్దున్న 6కి లేస్తుంది. 9:30కి ఒక కునుకు, మధ్యాహ్నం 2కి ఇంకోటి. అమ్మమ్మ శ్రీకాకుళంలో.

మార్చి 7 శనివారం పాప 6కి లేచింది. అప్పుడు శ్రీకాకుళంలో సాయంత్రం 4:30. ఆ రాత్రి గడియారం జరిగింది. మార్చి 8 ఆదివారం పాప లేచేసరికి అక్కడి గడియారంలో 7. శ్రీకాకుళంలో ఎంత? అదే 4:30. పాప గంట ఎక్కువ పడుకోలేదు, బద్ధకించలేదు. రోజూ లేచే వేళకే లేచింది. అక్కడి గడియారం మారిపోయింది కాబట్టి అక్కడివాళ్లకు అది కనపడదు. మన గడియారం కదల్లేదు కాబట్టి మనకు కనపడుతుంది. అమ్మమ్మ ఇంటి గోడ గడియారమే ఆ వారం పాప ఒంటి గడియారానికి సరిగ్గా అద్దం.

అదే రోజు కునుకు 10:30కి, రెండోది 3కి, రాత్రి నిద్ర 8కి. శ్రీకాకుళం లెక్కలో ఏదీ మారలేదు. అమ్మమ్మ రోజూ సాయంత్రం 7కి ఫోన్ చేస్తుందనుకుంటే, మొదటి రెండు మూడు రోజులు పాప ఎప్పటిలాగే మెలకువగా, నవ్వుతూ కనపడుతుంది. మారేది తల్లి మాత్రమే. ఆమె ఆఫీసు 9కి మొదలైతే మునుపు 8:30కి వచ్చే ఫోన్ ఇప్పుడు 9:30కి, మీటింగ్ మధ్యలో మోగుతుంది.

వారం గడిచేసరికి పాప కొత్త గడియారానికి సర్దుకుంటుంది: 7కి నిద్ర, 6కి మెలకువ, 9:30కి కునుకు. ఆ 9:30 అంటే మనకు సాయంత్రం 7. ఇప్పుడు అమ్మమ్మ ఫోన్ చేస్తే పాప నిద్రలో ఉంది! "ఇంతకుముందు ఈ వేళకి ఆడుకునేది, ఇప్పుడు పడుకుంటోంది, ఒంట్లో బాగోలేదా?" అని అనుమానం. ఏమీ లేదు. తల్లి మొదటిరోజే మారింది, పాప వారానికి మారింది, అమ్మమ్మ మాత్రం మారలేదు. సాయంత్రం 6కి ఫోన్ చేస్తే పాత 8:30 మళ్లీ దొరుకుతుంది.

మార్చి మార్పు కొందరికి వరం కూడా. ఐదింటికే లేచే పిల్ల ఉన్న ఇంట్లో గడియారం గంట జరిగితే అదే మెలకువ ఆరింటికి అవుతుంది. డే కేర్ తొందర లేని ఇళ్లల్లో దాన్ని అలాగే ఉంచేసుకునేవాళ్లున్నారు. కాకపోతే ఆ వారం న్యూజెర్సీలో సూర్యోదయం కొత్త గడియారం ప్రకారం ఏడుంబావు దాటాక, సూర్యాస్తమయం ఏడుకి కాస్త ముందు. మే, జూన్ వచ్చేసరికి పొద్దు ఐదున్నరకే పొడుస్తుంది, గదిలో వెలుగు పడితే పాప మళ్లీ పెందలాడే లేస్తుంది. వరం ఎన్నాళ్లుంటుందో కిటికీ తెరల మీద ఆధారపడి ఉంటుంది.

నవంబరు ఎందుకు ఎక్కువ బాధిస్తుంది

పెద్దవాళ్లకు నవంబరు సుఖం. ఒక గంట అదనంగా నిద్ర దొరుకుతుంది. మనిషి శరీర గడియారం సగటున 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువ సేపు తిరుగుతుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం మనకు సులువు, ముందు పడుకోవడమే కష్టం. ఈ లెక్కన పాపకూ నవంబరే తేలిక కావాలి. కానీ చంటిపిల్లలున్న ఇంట్లో అడిగితే నవంబరే నరకం అంటారు. ఇందులో వైరుధ్యం లేదు. పెద్దవాళ్లు ఆదివారం ఆ అదనపు గంట పడుకోగలరు, పాప పడుకోదు. తన వేళకు తను లేస్తుంది.

అదే పాప, 2026 నవంబరు 1. శనివారం దాకా 6కి లేచేది, శ్రీకాకుళంలో మధ్యాహ్నం 3:30. ఆదివారం కూడా మన 3:30కే లేస్తుంది, అక్కడ గడియారం 5 చూపిస్తుంది. సూర్యోదయానికి ఇంకా గంటన్నర ఉంది. సాయంత్రం 6 అయ్యేసరికి కళ్లు నలుపుకుంటుంది. పైగా ఐదు కాకముందే పొద్దు గూకిపోతుంది. చీకటి పడిపోవడంతో ఒళ్లు 'ఇక పడుకో' అంటుంది, 7 దాకా ఆపాలంటే ఆపలేరు. ఆపినా మర్నాడు 6 దాకా పడుకుంటుందన్న హామీ లేదు. చాలామంది పిల్లలు రాత్రి ఆలస్యంగా పడుకుని కూడా అదే 5కి లేస్తారు. పడుకునే వేళ ఒక్కరోజులో మార్చగలం. లేచే వేళ మూడు నాలుగు రోజులు వెనకబడి వస్తుంది. ఈ మధ్య రోజుల్లోనే పాపకు నిద్ర తక్కువై చికాకు పెరుగుతుంది.

ముందునుంచీ కొద్దికొద్దిగానా, ఒక్కసారిగానా?

ఇక్కడే రకరకాల సలహాలు తగులుతాయి. ఎక్కువగా వినిపించేది రోజుకు పది, పదిహేను నిమిషాల చొప్పున జరపడం. నవంబరు 1కి ముందు నాలుగు రోజుల లెక్క ఇలా వస్తుంది: బుధవారం 7:15, గురువారం 7:30, శుక్రవారం 7:45, శనివారం 8. ఆదివారం నాటికి పాత 8 కొత్త 7 అయిపోతుంది. (ఆ శనివారం హాలోవీన్ కూడా, వీధంతా పిల్లలు తలుపులు కొడుతుంటే ఎలాగూ 8 అవుతుంది.) కునుకులు, పాలు, అన్నం, స్నానం కూడా అంతే జరిపితేనే ఈ లెక్క పనిచేస్తుంది. రాత్రి నిద్ర ఒక్కటీ జరిపి మిగతావి పాత వేళకే ఉంచితే ఒంటికి రెండు రకాల సంకేతాలు అందుతాయి.

మార్చికి ఇదే లెక్క తిరగేయాలి: 6:45, 6:30, 6:15, 6. కాగితం మీద సులువుగా కనిపిస్తుంది కానీ, ఇందాక చెప్పిన మెలకువ పట్టు సరిగ్గా ఆ వేళకే ఉంటుంది. పడుకునే వేళను ముందుకు లాగాలంటే లేచే వేళను ముందు లాగాలి. అంటే శనివారం ఐదుంబావుకే పాపను లేపాలి. నిద్రపోతున్న పసిపిల్లను లేపే తల్లి ఎక్కడుంటుంది?

రెండో వర్గం ఏమీ చేయొద్దంటుంది. ఆదివారం నుంచి కొత్త గడియారం ప్రకారం అన్నీ నడిపితే వారంలో పాప తనే సర్దుకుంటుందని వీళ్ల వాదన. ఇందులో బలముంది: శరీర గడియారం రోజుకు సుమారు గంట వరకు జరగగలదు, పగటి వెలుగు సాయం ఉంటే. ఆరోగ్యంగా, రోజూ బాగా పడుకునే పిల్లకు నాలుగు రోజుల ముందు హడావుడి అనవసరం. మధ్యేమార్గంగా మొదటి మూడు రోజులు అరగంట, ఆ తరవాత మిగతా అరగంట జరిపేవాళ్లూ ఉన్నారు.

మూడో మాట మన ఇళ్లల్లోది. "నిద్రొస్తే పడుకుంటుంది, ఆకలేస్తే లేస్తుంది, చంటిపిల్లకి గడియారమేంటి?" అమ్మమ్మ ఈ మాట అంటే కూతుళ్లు విసుక్కుంటారు గానీ, ఆమె అనుభవంలో అది నిజం. విజయనగరంలో ఒక ఇంట్లో పొద్దున్నే తలుపులు తీసేస్తారు, వాకిట్లో వెలుగు, పాలవాడు, పక్కింటివాళ్ల మాటలు. పాపకు రోజూ ఉదయం వెలుగు దానంతటదే అందుతుంది. పగలు ఎప్పుడు కునుకు తీసినా చూసుకోవడానికి ఎవరో ఒకరుంటారు. ఎడిసన్‌లో నవంబరు చలికి తలుపులు, తెరలు మూసే ఉంటాయి. 7:30కి డే కేర్‌లో దింపాలి, అక్కడ కునుకు వేళ అందరు పిల్లలకూ ఒకటే. పాప లయను నమ్మడం మంచిదే, కానీ తల్లి ఉద్యోగం ఆ లయతో నడవదు. ఇద్దరి మాటలూ రెండు రకాల ఇళ్ల గురించి.

నాకు అనిపించేది, పద్ధతి కన్నా వెలుగే ముఖ్యం. ఈ సలహాలన్నిటి వెనకా ఉన్న గట్టి శాస్త్రం అదొక్కటే. ఉదయం వెలుగు శరీర గడియారాన్ని ముందుకు లాగుతుంది, అంటే నిద్ర పెందలాడే వస్తుంది; సాయంత్రపు వెలుగు వెనక్కి నెడుతుంది, అంటే నిద్ర ఆలస్యమవుతుంది. అందుకే మార్చిలో లేవగానే బయటి వెలుగు, సాయంత్రం మసక గది పనికొస్తాయి. నవంబరులో దానికి ఎదురు: సాయంత్రం దీపాలన్నీ వెలిగించి ఆట, తెల్లవారుజామున పాప లేచినా ఆరు దాకా గదిలో చీకటే. మూడు నాలుగేళ్ల పిల్లలకు పడుకునే ముందు గంటసేపు గట్టి వెలుగు చూపిస్తే మెలటోనిన్ చాలామటుకు పడిపోయినట్టు కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో కొలిచి చూపించారు. పిల్లల కళ్లు వెలుగుకు పెద్దవాళ్ల కన్నా ఎక్కువ స్పందిస్తాయి. పడుకునే ముందు తాతయ్యతో వీడియో కాల్ కోసం మొహం మీద వెలిగే ఫోన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వాళ్ల ఉదయం కాల్ పాపకు ఏ రకంగా చూసినా మేలు.

అమెరికా దుకాణాల్లో మెలటోనిన్ గమ్మీలు చాక్లెట్లలా దొరుకుతాయి. గంట సర్దడానికి పసిపిల్లలకు అలాంటివి డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దని పిల్లల వైద్యులు స్పష్టంగా చెబుతారు. ఇక రెండు వారాలు దాటినా నిద్ర కుదుటపడకపోతే కారణం గంట కాకపోవచ్చు. పళ్లు రావడం, చెవి నొప్పి, జలుబు, ఎనిమిది తొమ్మిది నెలల్లో తల్లిని వదిలి ఉండలేని దశ, వీటిలో ఏదో అదే వారంలో తగిలి నింద గడియారం మీద పడుతుంది.

అసలు ఈ గంట ఉంటుందా, పోతుందా

ఏటా ఇది వార్తల్లోకి రావడానికి కారణం, మార్పు వద్దనేవాళ్లే అక్కడ ఎక్కువ. ఏ సమయాన్ని శాశ్వతం చేయాలన్న దగ్గరే తగాదా. వ్యాపారులు, సాయంత్రం వెలుగు కావాలనేవాళ్లు ఎండాకాలపు సమయాన్నే (డేలైట్ సేవింగ్ టైమ్) ఉంచమంటారు. 2022 మార్చిలో అమెరికా సెనేట్ అలాంటి బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది, ప్రతినిధుల సభ ముట్టుకోలేదు. నిద్ర వైద్యుల సంఘం మాత్రం స్టాండర్డ్ టైమే ఒంటికి మంచిదంటుంది, ఎందుకంటే సూర్యుడికి దగ్గరగా ఉండేది అదే. 1974 జనవరిలో అమెరికా ఏడాదంతా ఎండాకాలపు సమయం పెట్టి చూసింది. పిల్లలు కటిక చీకట్లో బడికి పోవాల్సి రావడంతో ఏడాది తిరక్కుండానే వెనక్కి తగ్గింది. యూరోపియన్ పార్లమెంటు 2019లో మార్పు ఎత్తేయాలని ఓటేసింది, సభ్యదేశాలు ఒక మాటకు రాలేక అది అక్కడే ఆగింది.

పాపనే ఊరికి తెచ్చినప్పుడు

గంటకే ఇంత చర్చ అయితే తొమ్మిదిన్నర గంటల సంగతేమిటి? పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికో, పాప పుట్టెంట్రుకలకో అక్టోబరులో విజయనగరం వచ్చే కుటుంబాన్ని చూడండి. పాప ఒంట్లో రాత్రి 7 అంటే మనకు తెల్లవారుజామున 4:30; లేచే వేళ 6 అంటే మనకు మధ్యాహ్నం 3:30. అందరూ చూడటానికి వచ్చే పొద్దున్నపూట పాపకు నడిరాత్రి. ఊరంతా పడుకున్నాక దానికి పట్టపగలు. చుట్టాల మధ్య ఏడిస్తే దిష్టి తగిలిందంటారు, ఎర్రనీళ్లు తిప్పి పోస్తారు. తిప్పితే నష్టం లేదు. శరీర గడియారం జరిగేది ఇక్కడా రోజుకు గంట వంతునే, కాబట్టి పాప పూర్తిగా మన వేళకు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. రెండు వారాల సెలవు మీద వచ్చినవాళ్లకు పాప సర్దుకునేసరికి తిరుగు ప్రయాణం దగ్గర పడుతుంది. పండుగ రోజు కోసం పాపను మధ్యాహ్నం దాటాక బయటకు తెచ్చే వేళ చూసుకుంటే ఇంటిల్లిపాదికీ సుఖం.

ఇందులో ఒక చిన్న కలిసొచ్చే సంగతి ఉంది. అక్టోబరులో వచ్చి నవంబరు మొదటి ఆదివారం దాటాక తిరిగి వెళ్లే కుటుంబానికి, వచ్చేటప్పుడు తొమ్మిదిన్నర గంటల తేడా, వెళ్లేటప్పుడు పదిన్నర. వాళ్లకు నవంబరు గంటను విడిగా సర్దుకునే పనే ఉండదు. ఎలాగూ మొత్తం లయ మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే కాబట్టి, దిగిన రోజు నుంచి అక్కడి కొత్త గడియారానికే కట్టుకుంటారు.